ఇటుక గోడకు జిప్సం తొడుగు

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో ప్రవేశించువారి చూపును మొదట ఆకర్షించునది ఆర్ట్సు కళాశాల భవనము. 1934లో శంకుస్థాపనము, 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగిన ఈ భవనము గులాబి చాయ గల గ్రానైటు రాతి కట్టడము. దాని వెలిగోడలకు సున్నము లేదు, రంగు లేదు. రాయి తన సహజరూపముతోనే ఎండకును వానకును ఎదురొడ్డి నిలిచియున్నది. ఆ ఆవరణము దాటి తార్నాక వీథులలోనికి వచ్చినచో గోడల స్వభావమే మారిపోవును. ఇచ్చట గోడ యనగా ఇటుక, ఇటుకపై సిమెంటు పూత, పూతపై రంగు. విశ్వవిద్యాలయపు అధ్యాపకులును, 1944లో ఆరంభమై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేర ప్రసిద్ధమైన పరిశోధనాలయము, కూనూరు నుండి తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మొదలైన వానిలో పనిచేయువారును, రైల్వే ఉద్యోగులును ఈ ప్రాంతమున ఇండ్లు కట్టుకొని స్థిరపడిరి. ఆనాటి ఇండ్లలో పెక్కింటికి ఇప్పుడు వయసు మీరినది. పూత ఉబ్బుచున్నది, రంగు పెచ్చులుగా రాలుచున్నది, గోడ అడుగున తెల్లని ఉప్పుపొడి కనిపించుచున్నది.

ఇట్టి ఇంటిని బాగుచేయింపబూనిన గృహస్థునకు ఈ రోజులలో తరచుగా వినవచ్చు సలహా యొకటి కలదు. పాతపూత గీకనక్కరలేదు, ఇసుక సిమెంటు మోయనక్కరలేదు, వారముల తరబడి నీరు కొట్టనక్కరలేదు. గోడపై జిప్సం బోర్డులు బిగించినచో రెండు మూడు దినములలో అద్దమువంటి కొత్తగోడ సిద్ధమగును అని చెప్పుదురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని అది ఏ గోడకు సత్యము, ఏ గోడకు అసత్యము అను విషయము తెలియకున్నచో పెట్టిన ధనము రెండు మూడు వానకాలములలో నీటిపాలగును. అందుచేత ఈ జిప్సం తొడుగు యొక్క గుణదోషములను, దానిని బిగించు విధానమును మా పాఠకులకు కొంత వివరముగా తెలుప దలచినాము.

జిప్సం అనునది భూమిలో దొరకు మెత్తని ఖనిజము. మన దేశమున రాజస్థానములోని బికనేరు, నాగౌరు ప్రాంతములు దీనికి ప్రసిద్ధములు. ఇది కాల్షియం సల్ఫేటు అను లవణము. దీని స్ఫటికములలో నీరు బంధింపబడి యుండును. బరువులో ఐదవవంతు నీరే. ఈ ఖనిజమును సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో ఆ నీటిలో ముప్పాతిక భాగము ఆవిరియై పోయి తెల్లని పొడి మిగులును. అదియే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. విరిగిన ఎముకకు వైద్యులు వేయు కట్టును, వినాయక చవితికి ధూల్‌పేటలో సిద్ధమగు పెక్కు విగ్రహములును ఈ పొడితో చేయబడునవే. పొడికి మరల నీరు కలిపినచో కొద్ది నిమిషములలో గట్టిపడి తిరిగి జిప్సముగా మారును. ఆ ముద్దను రెండు దళసరి కాగితముల నడుమ పరచి, ఆరబెట్టి, కొలతల ప్రకారము కోసినచో జిప్సం బోర్డు ఏర్పడును. అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ అను నతడు ప్లాస్టరును కాగితపు పొరలను కలిపి చేసిన పలకకు 1894లో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అచ్చట లక్షల సంఖ్యలో ఇండ్లు త్వరత్వరగా కట్టవలసి వచ్చినప్పుడు ఈ పలక ఇంటింటికి చేరినది.

ఇక్కడ ఒక భేదము గమనింపదగినది. అమెరికాలో సాధారణపు ఇల్లు కొయ్య చట్రముపై నిలుచును; ఆ చట్రమునకు లోపలి వైపున బిగించిన పలకయే గదికి గోడ. మన ఇండ్లలో గోడ ముందే ఉన్నది. 9 అంగుళముల ఇటుక గోడ ఇంటి బరువునో, కనీసము తన బరువునో మోయుచు నిలిచియున్నది. పలక దానికి చొక్కావంటిది మాత్రమే. చొక్కా శరీరమునకు అందమునిచ్చును గాని, లోని రోగమును కుదుర్పజాలదు. ఇటుక గోడకున్న ప్రధాన రోగము చెమ్మ.

ఇటుకకు చెమ్మతో నున్న సంబంధమును ఇంటిలోనే చిన్న ప్రయోగముతో చూడవచ్చును. ఒక పళ్ళెములో అంగుళము లోతున నీరు పోసి, ఎండిన ఇటుక నొకదానిని అందు నిలువుగా నుంచవలెను. కొంతసేపటికి పళ్ళెములోని నీటిమట్టము కంటె చాల పైవరకు ఇటుక రంగు మారి తడిసియుండును. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు ఇటుకలోని సన్నని రంధ్రములు నీటిని పైకి లాగును. సాధారణపు ఇటుక తన బరువులో నూటికి 20 పాళ్ళ వరకు నీరు పీల్చుకొన్నను భారతీయ ప్రమాణముల ప్రకారము అది అంగీకరింపదగిన ఇటుకయే. అనగా 3 కిలోల ఇటుక అరకిలోకు పైగా నీటిని తనలో దాచుకొనగలదు. అట్టివి వేలకొలది చేరి గోడ అగుచున్నవి. ఆ నీరు గాలి తగిలినచోట ఆవిరియై పోవును. అందు కరగిన ఉప్పు పైన మిగిలి తెల్లని పొడిగా కనిపించును. రంగు రాలుట, పూత పొల్లువారుట ఈ ఉప్పు చేయు పనియే.

గోడపై పలక బిగించినప్పుడు లోన నేమి జరుగునో ఇప్పుడు ఊహింపవచ్చును. నీరు వచ్చుట ఆగదు. ఆవిరియగుటకు దారి మాత్రము తగ్గును. పలకకును గోడకును నడుమనున్న గాలి తేమతో నిండును. జిప్సం పలక వెనుకనున్న కాగితము ఆ తేమను పీల్చుకొని బూజు పట్టును. కాగితము చెదపురుగులకు కూడ ఇష్టమైన ఆహారమే. నీరు తాకినకొలది లోని జిప్సం మెత్తబడి, మరలు పట్టు విడిచి, పలక అడుగుభాగము ఉబ్బును. ముందు వైపున రంగు మెరయుచుండగనే వెనుక ఈ పని యంతయు సాగుచుండును. పాతగోడపై మచ్చ కనబడినప్పుడు ఇంటివారు మేల్కొనెడివారు. ఇప్పుడు ఆ హెచ్చరిక కూడ కంటికి కనబడదు. మూసిన గదిలో ముక్కిపోయిన వాసన వచ్చునప్పటికి ఆలస్యమైయుండును. ఉబ్బసము గలవారికిని పసిబిడ్డలకును ఈ బూజు మిక్కిలి హానికరము.

కాబట్టి పలకలు కొనుటకు ముందు గోడను పరీక్షింపవలెను. చెమ్మ ఎక్కడినుండి వచ్చుచున్నదో అది కనిపించు స్థానమే చాలవరకు చెప్పును. పైకప్పునకు దగ్గరగా మచ్చ యున్నచో మిద్దెపై పగులు, పిట్టగోడ అడుగున బీట, నీళ్ళ టాంకు పొరలిపోవుట కారణములు కావచ్చును. కిటికీ మూలలందు మచ్చ యున్నచో సజ్జ మీది నీరు గోడలోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. స్నానాల గదిని ఆనుకొన్న గోడ నడుమ మచ్చ యున్నచో లోపలి గొట్టమును చూపించుకొనవలెను. ఎండకాలమున కూడ ఆరని మచ్చ గొట్టము వలననే కలుగుట తరచు. నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తువరకు వరుసగా పట్టీవలె చెమ్మ యున్నచో అది భూమినుండి ఎక్కుచున్నది. వీథులు మాటిమాటికి ఎత్తు పెరుగుటచే పాత ఇండ్ల గచ్చు వీథికంటె దిగువ యగుట నగరమున అరుదు కాదు. పూలకుండీలకై గోడకు చేర్చి మట్టి పోయుట కూడ ఇట్టి చెమ్మకు దారితీయును.

అనుమానము తీరనిచో మరియొక పరీక్ష కలదు. రెండడుగుల చదరపు ప్లాస్టికు కాగితము నొకదానిని గోడకు పరచి, నాలుగంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ మూసి, రెండు దినము లుంచవలెను. కాగితమునకు గోడ వైపున నీటిబొట్లు చేరినచో చెమ్మ గోడలోనిది. గది వైపున చేరినచో అది గదిలోని గాలి తేమ. కిటికీలు తెరచి గాలి పారునట్లు చేయుటయే దానికి చికిత్స. మొదటి విధమైనచో కారణమును సరిచేసి, గోడను పూర్తిగా ఆరనిచ్చిన పిమ్మటనే పలకల మాట తలపెట్టవలెను. భూమినుండి ఎక్కు చెమ్మకు సులభమైన చికిత్స లేదు. అట్టి గోడకు పాతపూత గీకివేసి, గాలి పీల్చు సున్నపు పూత వేయుటయే పలక కంటె మేలు. స్నానాల గదికిని, చేతులు కడుగు తొట్టి వెనుక గోడకును మామూలు పలక పనికిరాదు. తేమను కొంత ఓర్చు ఆకుపచ్చని పలకలు అమ్మకమున నున్నవి గాని, అవియు నీటిలో నానుటకు చేసినవి కావు.

గోడ పొడిగా నున్నదని నిశ్చయమైన పిమ్మట బిగించు విధమును నిర్ణయింపవలెను. రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది, పలక వెనుక జిప్సం అంటుముద్దలు పెట్టి నేరుగా గోడకు అతుకుట. దీనికి గోడ చదునుగా, గట్టిగా, రంగు లేకుండ ఉండవలెను. పాత రంగు మీద అతికిన ముద్ద రంగునే పట్టుకొనును గాని గోడను పట్టుకొనదు. రంగు పెచ్చు ఊడిన దినమున పలకయు ఊడును. రెండవది, సన్నని ఇనుప ఛానెళ్ళను గోడకు నిలువుగా బిగించి, వానికి మరలతో పలకలను అమర్చుట. వంకర గోడలున్న పాత ఇండ్లకు ఇదియే తగినది. కొయ్య పట్టీలు కూడ వాడుదురు గాని, చెదల భయమున్న మన ప్రాంతమున ఇనుమే నమ్మదగినది. మొదటి పద్ధతి గదిలో అంగుళమునకు కొంచెము అటునిటు స్థలమును తీసికొనును. రెండవది 2 మొదలు 3 అంగుళముల వరకు తీసికొనును.

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గోడను ఉదాహరణముగా తీసికొందము. బోర్డు సాధారణముగా 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 12.5 మిల్లీమీటర్ల మందము గలిగి, ఇరువది కిలోలకు దగ్గర బరువుండును. గోడ వైశాల్యము 120 చదరపుటడుగులు, బోర్డు వైశాల్యము 24. భాగించినచో 5 బోర్డులు చాలునని తోచును. కాని 4 అడుగుల వెడల్పు గల మూడు నిలువు వరుసలు వేయుదుము. ఒక్కొక్క వరుసలో 6 అడుగుల నిండు బోర్డు ఒకటి, 4 అడుగుల ముక్క ఒకటి పట్టును. మూడు ముక్కలకు మూడు బోర్డులు కోయవలెను. రెండేసి అడుగుల తునకలు మూడు మిగిలిపోవును. కాబట్టి లెక్కకు ఐదు, పనికి ఆరు. ఛానెళ్ళు 2 అడుగుల కొకటి చొప్పున, రెండు కొసలతో కలిపి ఏడు కావలెను. ఇట్లమర్చినచో ప్రతి బోర్డు అంచును ఛానెలు నడుమకు వచ్చును, ప్రతి బోర్డు మధ్యలోను ఒక ఛానెలు ఉండును. అడ్డకీలు వచ్చుచోట వెనుక అడ్డపట్టీ వేయవలెను. పక్క వరుసల అడ్డకీలు ఒకే గీతలో రాకుండ ఒక వరుసలో నిండు బోర్డు క్రిందను, తరువాతి వరుసలో పైనను వేయవలెను.

ఛానెళ్ళు బిగించునప్పుడు మేస్త్రీ రసమట్టమును, తూకపు గుండును విడువరాదు. గోడ వంకర యైనను ఛానెళ్ళు నిటారుగా నిలువవలెను. వంకరను పట్టుకమ్ములు సర్దుకొనును. గోడకు వేయు బందులు పూతను దాటి ఇటుకలోనికి దిగవలెను. తెలంగాణములో గిలాబు అని పిలుచు ఈ సిమెంటు పూత ముప్పాతిక అంగుళము ఉండవచ్చును. అందులోనే ఆగిన బందు ఏ బరువును మోయదు. గోడను చేతివేళ్ళతో తట్టి చూడవలెను. డొల్ల శబ్దము వచ్చుచోట పూత ఇటుకను విడిచియున్నదని అర్థము. దానిని రాల్చి సరిచేసిన తరువాతనే ముందుకు పోవలెను. డ్రిల్లు పెట్టుటకు ముందు విద్యుత్తు ఆపివేయవలెను. స్విచ్చిబోర్డుకు సరిగా పైనను క్రిందను గోడలో తీగలుండును గనుక అచ్చట రంధ్రములు చేయరాదు. స్విచ్చి పెట్టెలను కొత్త గోడ ముఖమునకు సమముగా ముందుకు తేవలెను. వట్టి తీగలు పలక వెనుక ఖాళీలో వ్రేలాడుట ప్రమాదము.

పలకను కోయుటకు రంపము అవసరము లేదు. తెల్లని ముఖముపై గీటు కర్ర ఆనించి కత్తితో కాగితమును తెంచి, వెనుకకు విరిచినచో పలక గీటు వెంట విరుగును. వెనుక కాగితమును కత్తితో కోసిన చాలును. తెల్లని ముఖము గదివైపు ఉండవలెను. పలక గచ్చును తాకరాదు. అడుగున సుమారు అరంగుళము ఎడము విడిచినచో నేల కడిగిన నీరు అందు ప్రాకదు. ఆ ఎడమును పిదప అడుగుపట్టీ కప్పును. మరలు 9 అంగుళముల కొకటి చొప్పున వేయవలెను. మర తల కాగితమును చింపక, కాగితముకంటె వెంట్రుకవాసి లోపలికి దిగవలెను. కాగితము చినిగినచో ఆ మర ఉన్నను లేనట్లే. కీళ్ళను ముద్దతో నింపి, కాగితపు పట్టీ అద్ది, ఆరిన తరువాత మరల రెండు పూతలు వేసి, నునుపుగా రుద్దవలెను. పూతకును పూతకును నడుమ ఆరనీయక తొందరపడిన పనియందే కీళ్ళు పగుళ్ళుగా బయటపడును.

పటములు, గడియారములు వంటి తేలిక వస్తువులను పలకకే తగిన బందులతో వ్రేలాడదీయవచ్చును. అలమరలు, టెలివిజను, నీటివేడి యంత్రము వంటి బరువులు వెనుకనున్న ఇటుకపై నిలువవలెను. వాని స్థానములను ముందే నిర్ణయించి, అచ్చట పలక వెనుక దళసరి ప్లైవుడ్డు చెక్కను గోడకు బిగింపించుకొనుట ఇల్లాలు మేస్త్రీకి ముందుగా చెప్పదగిన మాట. రేడియో బల్లను గోడకు దిగవేయ దలచువారికిని ఇదియే వర్తించును.

ఈ తొడుగు వలన కలుగు లాభములును తెలియదగినవే. గదిలోనికి వచ్చు ఎండవేడిని అరంగుళపు జిప్సం పలక సుమారు రెండంగుళముల ఇటుక ఆపునంత ఆపును. దాని వెనుక కదలక నిలిచిన గాలిపొర అంతకంటె ఎక్కువ ఆపును. అగ్నిభయమున కూడ ఇది మేలైనది. ఇరువది కిలోల పలకలో సుమారు 4 కిలోల నీరు స్ఫటికరూపమున నుండును గదా. ఆ నీరంతయు ఆవిరియగువరకు మంట వేడి పలక దాటి పోవుటకు ఆలస్యమగును. ధ్వని విషయము మాత్రము వేరు. పక్క వాటా రేడియో వినబడకుండుటకు పలకను గోడకు అంటుముద్దలతో అతికినచో లాభము లేకపోగా, నడుమ గాలిపొర మద్దెలవలె మ్రోగి కొన్ని స్వరములు మునుపటికంటె హెచ్చుగా వినబడవచ్చును. ఛానెళ్ళ నడుమ ఖనిజపు ఉన్ని నింపినప్పుడే ధ్వని తగ్గును.

తార్నాక ఇండ్లకు ఇక్కడ ఒక చిక్కు కలదు. మధ్యాహ్నపు ఎండ కొట్టునది పడమటి గోడ. మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు తొడుగు కావలెనని తోచునది ఆ గోడకే. నైరుతి ఋతుపవనము వీచునప్పుడు వానజల్లు కొట్టునదియు ఆ పడమటి, దక్షిణపు గోడలకే. హైదరాబాదున ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అందు అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు కురియును. వేడికై లోపల తొడుగు వేయువారు మొదట వెలుపలి పూతలోని పగుళ్ళను పూడ్చి, వానను ఆపు రంగు వేయింపవలెను. వెలుపల చేయవలసిన పనిని లోపల చేసినచో గోడ రెండు వైపుల నడుమ నలుగును.

విశ్వవిద్యాలయమునకు చేరువలో గదులు అద్దెకిచ్చు గృహస్థులకు మరియొక మాట చెప్పవలసియున్నది. అద్దెకు వచ్చు విద్యార్థి కొత్తరంగు చూచి సంతోషించును. పలక వెనుక నేమున్నదో అతనికి తెలియదు. ఏడాదిపాటు ఆ గోడ పక్కనే పరుండి చదువుకొని, ఆ గాలినే పీల్చువాడతడు. మచ్చను కప్పి గదినిచ్చుట కంటె మచ్చ కారణమును తీర్చి, గోడకు వట్టి సున్నము వేసి ఇచ్చుట తక్కువ ఖర్చు, ధర్మము కూడ.

ఇంతకును ఈ పనికి కాలమెప్పుడు? మా సలహా యిది. తొలకరి మొదలు దసరా వరకు గోడను కప్పక గమనింపుడు. ప్రతి వాన తరువాత మచ్చ అంచువెంట పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయుడు. గీతలు ఎటు పెరిగినవో చూచి, మిద్దె మీదనో, సజ్జ మీదనో, గొట్టములోనో ఉన్న లోపమును శీతకాలమున సరిచేయించుడు. శివరాత్రి గడచి ఎండలు ముదురుచుండగా గోడ ఆరును. అప్పుడు ప్లాస్టికు కాగితపు పరీక్ష మరియొకసారి చేయుడు. ఆ పరీక్షకు నిలిచిన గోడకు పలక వేయించినచో అది పెక్కేండ్లు నిలుచును. నిలువని గోడను మరియొక ఏడు అట్లే విడిచిపెట్టుట మంచిది.